‘అ’ అంటే కాదు అనే... అంతేనా?

హైవే మీద పెట్రోల్ ట్యాంకర్ వెనకాల బైక్ మీద వెళ్తుంటే ఎర్ర అక్షరాల్లో ఒక మాట కనిపిస్తుంది. ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’. మీరూ చూసే ఉంటారు. ఇప్పుడు స్కూల్లో చదివిన ఇంగ్లిష్ గ్రామర్ గుర్తు తెచ్చుకోండి. ‘ఇన్‌విజిబుల్’ అంటే కనిపించనిది. ‘ఇన్‌కరెక్ట్’ అంటే కరెక్ట్ కానిది. ఆ లెక్కన ‘ఇన్‌ఫ్లేమబుల్’ అంటే మంట అంటుకోనిది అవ్వాలి కదా? కానీ అది అగ్గిపుల్ల చూపిస్తే చాలు, భగ్గుమనేది.

గ్రామర్ నేర్చుకుని ఆ ట్యాంకర్ పక్కన సిగరెట్ వెలిగించినవాడి సంగతేంటి?

ఈ భయం నాదొక్కడిదే కాదు. అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణ కోసం పనిచేసేవాళ్లకి 1920ల్లోనే ఈ భయం పట్టుకుంది. ‘ఇన్’ తీసేసి ఉత్త ‘ఫ్లేమబుల్’ అని రాయండి బాబూ అని ప్రచారం మొదలుపెట్టారు. అందుకే ఇప్పుడు ఇంగ్లిష్‌లో ‘ఫ్లేమబుల్’ అన్నా ‘ఇన్‌ఫ్లేమబుల్’ అన్నా ఒకటే అర్థం. మన ట్యాంకర్లు మాత్రం పాత మాటనే మోసుకు తిరుగుతున్నాయి.

తప్పు లాటిన్‌ది. ఆ భాషలో ‘ఇన్’లు రెండున్నాయి. ఒకటి ‘కాదు’ అనేది, ఇంకోటి ‘లోపల, లోపలికి’ అనేది. చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి కానీ వాటికి చుట్టరికం లేదు. మంటని లోపలికి పంపడం, అంటే అంటించడం, ‘ఇన్‌ఫ్లామారె’. ట్యాంకర్ మీద ఉన్నది ఈ రెండో ‘ఇన్’. ఫ్రెంచివాళ్లు దీన్ని భలే తేల్చారు. అంటుకునేది ‘ఎంఫ్లమాబ్ల్’, అంటుకోనిది ‘ఇనెంఫ్లమాబ్ల్’. అంటే ‘ఇన్’ మీద ఇంకో ‘ఇన్’. ముందున్నది ‘కాదు’, వెనకున్నది ‘లోపలికి’. పలకడానికి నోరు తిరగదు కానీ ప్రాణానికి హామీ ఉంది.

అయితే అదే ఫ్రెంచివాళ్లు ఇంకో చోట మనల్ని ముంచుతారు. ఇంగ్లిష్‌లో ‘ఇన్‌హాబిటబుల్’ అంటే నివసించడానికి పనికొచ్చేది. ఫ్రెంచ్‌లో సరిగ్గా అవే అక్షరాలతో రాసే మాటకి అర్థం నివసించడానికి పనికిరానిది. స్పానిష్‌లోనూ అంతే. స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తేడా లేదు, అర్థం మాత్రం ఎదురు తిరిగింది. ఇంగ్లిష్ ‘లోపల’ అనే ‘ఇన్’ని ఉంచుకుంది, ఫ్రెంచ్, స్పానిష్‌లు ‘కాదు’ అనే ‘ఇన్’ని తగిలించాయి. ఇల్లు అద్దెకి వెతుక్కునేవాళ్లు జాగ్రత్త.

సరే, ఇది రెండు వేరువేరు మాటలు ఒకేలా కనిపించడం వల్ల వచ్చిన చిక్కు. నాకు అంతకంటే ఇష్టమైన కథ ఇంకోటుంది. నిజంగా ‘కాదు’ అనే ఆ ఒక్కటే ఉపసర్గ, ఒకే ఇంట్లో పుట్టి, ఊరూరికీ అర్థం మార్చుకున్న కథ.

వేల ఏళ్ల కిందట ఒక మూలభాష ఉండేదనీ, సంస్కృతం, గ్రీకు, లాటిన్, జర్మన్, ఇంగ్లిష్ లాంటివన్నీ దాని సంతానమనీ చదివే ఉంటారు. ఆ భాషలో ‘కాదు’ అని చెప్పడానికి మాట ముందు ముక్కుతో పలికే ఒక చిన్న నకారం ఉండేదట. అచ్చు కూడా లేదు, ఉత్త ‘న్’. పిల్లలు అన్నం వద్దన్నప్పుడు చేసే ‘ఊహూఁ’ లాంటి శబ్దం అనుకోండి. అది సంస్కృతంలో ‘అ’ అయింది. గ్రీకులోనూ ‘అ’ అయింది. లాటిన్‌లో ‘ఇన్’, జర్మన్, ఇంగ్లిష్‌లలో ‘అన్’, ‘ఉన్’. డచ్‌లో ‘ఆన్’. స్వీడన్ చేరేసరికి నకారం కూడా రాలిపోయి ‘ఊ’ మిగిలింది. ఐస్‌లాండ్‌లో ‘ఓ’.

సంస్కృతం, గ్రీకుల పోలిక అయితే ముచ్చటగా ఉంటుంది. తర్వాత అచ్చు వస్తే రెండూ పాత నకారాన్ని బయటికి తీస్తాయి. అధర్మం, కానీ అనంతం. గ్రీకులోనూ ‘అటామ్’ (ముక్కలు చెయ్యలేనిది), కానీ ‘అనస్తీషియా’ (స్పర్శ లేకపోవడం). ఆపరేషన్ థియేటర్‌లో ఇచ్చే మత్తుమందుకీ అనంతపురానికీ ముందున్న ‘అన’ ఒక్కటే అంటే నమ్మాలనిపించదు, కానీ నిజం.

ఇంత దగ్గర చుట్టాలు కాబట్టి అందరూ ‘కాదు’ అనే అర్థంలోనే వాడాలి కదా. వాడరు.

జర్మనీలో చదువుకునే మనవాళ్లకి ఇది బాగా తెలుసు. అక్కడి విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు భారతీయులదే మొదటి స్థానం కాబట్టి ఇది చదివేవాళ్లలో కొందరు అక్కడే ఉండొచ్చు. జర్మన్‌లో ‘వెట్టర్’ అంటే వాతావరణం. ఒక సాయంత్రం ఫోన్ కుయ్యిమంటుంది. వాతావరణ శాఖ యాప్‌లో ఎర్ర రంగు, దాని మీద ‘ఉన్‌వెట్టర్’. కొత్తగా భాష నేర్చుకుంటున్న బుర్ర ఏం చేస్తుంది? ‘ఉన్’ అంటే కాదు, ‘వెట్టర్’ అంటే వాతావరణం. వాతావరణం లేదు. అంటే ఇవాళ విశేషమేమీ లేదన్నమాట, హాయిగా బయటికెళ్లొచ్చు అనుకుంటే అయిపోయాడే. ‘ఉన్‌వెట్టర్’ అంటే భయంకరమైన గాలివాన. ఆ శాఖ హెచ్చరికల్లో నాలుగు మెట్లుంటాయి. పసుపు, నారింజ దాటాక మూడో మెట్టు ఎరుపు. ‘ఉన్‌వెట్టర్’ అనే మాట అక్కడే మొదలవుతుంది. నాలుగోది ఊదా, దాంట్లో తీవ్రమైన ‘ఉన్‌వెట్టర్’.

2021 జులై 14 రాత్రి పశ్చిమ జర్మనీలో ఆర్ అనే చిన్న నది లోయలో వచ్చిన వరద అలాంటిదే. జర్మనీ మొత్తం మీద 180 మందికి పైగా పోయారు, అందులో 130 మందికి పైగా ఆ ఒక్క లోయలోనే. హెచ్చరికలు ముందే వచ్చాయి. ఆ మాట అర్థం తెలియక పోయారని నేను అనడం లేదు, వాళ్లది అదే భాష. అర్థం తెలిసినవాళ్లకే హెచ్చరిక సరిగ్గా చేరని చోట, సగం అర్థమైనవాళ్ల గతేంటన్నదే నా బెంగ. ఆ తర్వాత 2023 ఫిబ్రవరిలో జర్మనీ, ఏ యాప్ అక్కర్లేకుండా ఆ ప్రాంతంలోని ఫోన్లన్నీ ఒకేసారి మోగే పద్ధతి పెట్టింది. అక్కడుంటే ఆ మోతని కట్టేసి పడుకోకండి.

వింతేంటంటే ఈ ‘వాతావరణం కాని వాతావరణం’ జర్మన్ల ఒక్కరి పిచ్చి కాదు. డచ్‌లో ‘ఆన్‌వేర్’ అంటే ఉరుములు మెరుపుల వాన. స్వీడిష్‌లో ‘ఊవేదర్’, ఐస్‌లాండిక్‌లో ‘ఓవేదుర్’, రెండూ తుఫానులే. రష్యన్‌లో ‘పగోదా’ అంటే వాతావరణం, ముందు ‘నె’ పెడితే ‘నెపగోదా’, అంటే పాడు వాతావరణం. ఉత్తర ఐరోపా చలిలో బతికినవాళ్లందరూ ఒకే మాట అనుకున్నట్టుంది. వాతావరణమంటే మనిషి బయటికెళ్లి బతికి తిరిగి రాగలిగేదే, మిగతాదాన్ని వాతావరణం అని ఒప్పుకోం అని.

మనం మాత్రం తక్కువ తిన్నామా? ఏప్రిల్‌లో మామిడి రాలిపోయినప్పుడు, కల్లాల్లో ధాన్యం తడిసినప్పుడు పేపర్లో ఏం రాస్తారు? అకాల వర్షం. కాలం లేని వర్షమని కాదు. రాకూడని కాలంలో వచ్చిన వర్షం.

కలుపు మొక్క సంగతి చూడండి. జర్మన్‌లో మొక్క ‘క్రౌట్’, కలుపు మొక్క ‘ఉన్‌క్రౌట్’. స్వీడిష్‌లో గడ్డి ‘గ్రేస్’, కలుపు ‘ఊగ్రేస్’. అంటే గడ్డి కాని గడ్డి. ఆవుని అడిగితే అదీ గడ్డే అంటుంది, మొక్కని అడిగితే నేనూ మొక్కనే అంటుంది. కాదన్నది రైతు. జంతువు ‘టీర్’, రాక్షసమృగం ‘ఉన్‌టీర్’. స్వీడిష్‌లోనూ జంతువు ‘యూర్’, మృగం ‘ఊయూర్’. ఇక్కడ ఐస్‌లాండ్ ఒక చమత్కారం చేసింది. అక్కడ ‘దీర్’ అంటే జంతువనీ అర్థముంది, ఖరీదైనదనీ అర్థముంది. దానికి ‘ఓ’ తగిలించి ‘ఓదీర్’ అంటే మృగం కాదు, చవక! ఒకే రకం ముక్కలు కలిపితే స్వీడన్‌లో పారిపోవాలి, ఐస్‌లాండ్‌లో కొనుక్కోవాలి.

స్వీడిష్‌లో ‘వానా’ అంటే అలవాటు. ‘ఊవానా’ అంటే అలవాటు లేకపోవడమూ అవుతుంది, చెడ్డ అలవాటూ అవుతుంది. నాకు తెలిసిన చాలామంది రెండో అర్థంలోనే బతుకుతున్నారు.

ఇక జర్మన్ల ‘ఉన్‌కోస్టెన్’ చూస్తే బుర్ర తిరుగుతుంది. ‘కోస్టెన్’ అంటే ఖర్చులు. ‘ఉన్‌కోస్టెన్’ అంటే... అవీ ఖర్చులే! చేతికి తగిలి మనసుకి నొప్పి పుట్టించే ఖర్చులు, మనం ‘దండగ’ అంటామే, ఆ రకం. అకౌంట్స్ నేర్పే జర్మన్ మాస్టార్లకి ఈ మాట గిట్టదు. పక్కనే ఉన్న నెదర్లాండ్స్‌లో మాత్రం అదే మాట ఆఫీసు ఫారాల మీద దర్జాగా ఉంటుంది, ప్రయాణానికి పెట్టిన డబ్బులు వెనక్కి అడగడానికి. సరిహద్దు దాటితే ఏడుపు పోయి రసీదు మిగిలింది. ‘మెంగె’ అంటే కొంత పరిమాణం, ‘ఉన్‌మెంగె’ అంటే లెక్కలేనంత. ఇది మనకి కొత్త కాదు. మితం అంటే కొలతకి లోబడింది, అమితం అంటే కొలత తెంచుకున్నది.

అన్నిటికన్నా ప్రమాదం ‘ఉన్‌టీఫె’. ‘టీఫె’ అంటే లోతు. ‘ఉన్‌టీఫె’ అంటే లోతు లేని చోటని పడవలవాళ్ల అర్థం. అమిత లోతు అని మామూలు జనం వాడే ఇంకో అర్థం. జర్మన్ నిఘంటువుల్లో రెండూ పక్కపక్కనే ఉంటాయి. పైన ‘ఉన్‌మెంగె’ చూశాం కాబట్టి జనం ఆ రెండో అర్థానికి ఎలా వెళ్లారో ఊహించొచ్చు. డచ్‌లో ఈ తిరకాసు లేదు, ‘ఆన్‌డీప్తె’ అంటే లోతు తక్కువ చోటే. జర్మన్‌లో మాత్రం ఓడ నడిపేవాడు ఆ మాట వింటే అడుగు నేలకి తగులుతుందని భయపడతాడు, ఈతకి దిగేవాడు మునిగిపోతానని భయపడతాడు. ట్రాన్స్‌లేటర్ యాప్‌ని అడగొచ్చు కదా అంటారా? మీరు ఓడలో ఉన్నారో ఒడ్డున ఉన్నారో దానికేం తెలుసు పాపం.

ఇవన్నీ చూసి జర్మన్ పండితులు తల పట్టుకోవాల్సిన పనిలేదు. మన వ్యాకరణవేత్తలు దీన్ని ఎప్పుడో లెక్కగట్టి పెట్టారు. ముందు తగిలే ఈ ‘అ’కి వాళ్లు చెప్పిన అర్థాలు ఒకటి కాదు, ఆరు. పోలిక, లేకపోవడం, వేరే కావడం, కొంచెమే ఉండటం, మంచిది కాకపోవడం, విరోధం. ధర్మం లేకపోవడం కాదు, ధర్మానికి ఎదురు నిలిచేది అధర్మం. కొంచెమే ఉండటానికి వాళ్లిచ్చిన ఉదాహరణ మరీ బాగుంటుంది. ‘అనుదర’ అయిన కన్య, అంటే పొట్ట లేని అమ్మాయి. నిజంగా పొట్ట లేక కాదు, సన్నటి నడుం అని. సైజ్ జీరో అని ఇప్పుడు మనం పెట్టుకున్న పేరుకి తాత ఇది. అకాలం, ఉన్‌వెట్టర్, ఊగ్రేస్ అన్నీ ఐదో అర్థంలో సర్దుకుంటాయి. ఉంది, కానీ ఉండాల్సినట్టు లేదు.

అచ్చ తెలుగులో అసలు ఇలాంటి ఉపసర్గే లేదు. మన ‘కాదు’ మాట చివర్న వస్తుంది. చేయని, రాని, లేని. మన భాష ఆ కుటుంబానిది కాదు కూడా. అయినా ఒక్కసారి ఇది చూడండి. జర్మన్‌లో పని ‘టాట్’, ఘోరమైన నేరం ‘ఉన్‌టాట్’. తెలుగులో? కాని పని. జర్మన్‌లో కాలం ‘త్సైట్’, వేళ కాని వేళ ‘ఉన్‌త్సైట్’. తెలుగులో? కాని కాలం. ఏ చుట్టరికమూ లేకుండా, ఎవరినీ అడక్కుండా, మన అమ్మమ్మలు అదే దారి పట్టారు. పని కాకపోతే మరేంటి అది? పనే. కానీ పని అని ఒప్పుకోవడానికి మనసు రాదు.

ఇంగ్లిష్‌కి కూడా ఒకప్పుడు ఈ గుణం ఉండేది. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లో ‘లగు’ అంటే చట్టం, ‘ఉన్‌లగు’ అంటే చట్టం లేకపోవడం కాదు, చట్టం పేరుతో జరిగే అన్యాయం. యార్క్ ఆర్చిబిషప్ వుల్ఫ్‌స్టాన్ తన దేశం పాడైపోయిందని చేసిన ప్రసంగాల్లో ఈ మాట కనిపిస్తుంది. తర్వాత ఇంగ్లిష్ ఆ వాడుకని దాదాపు పోగొట్టుకుంది. ఇవాళ అలాంటి మాట ఉంటే వార్తలు చదివేటప్పుడు ఎంత పనికొచ్చేదో. (అన్నట్టు ‘అన్‌లాక్’, ‘అన్‌ఫాలో’ల్లో ఉన్న ‘అన్’ వేరే మనిషి. అది ‘కాదు’ అనదు, చేసినదాన్ని వెనక్కి తిప్పుతుంది.)

గ్రీకు ‘అ’కి కూడా ఒక దొంగ కవల ఉంది. ‘అదెల్ఫోస్’ అంటే అన్న లేక తమ్ముడు. ‘దెల్ఫుస్’ అంటే గర్భం. గర్భం లేనివాడు అని కాదు, ఒకే గర్భంలో పుట్టినవాడు అని. ఈ ‘అ’ సంస్కృతంలోని ‘స’కి చుట్టం. కాబట్టి మన సహోదరుడు అక్కడి అదెల్ఫోస్. అమెరికా ఫిలడెల్ఫియాలో ఉన్న మన తెలుగువాళ్లు తమ ఊరి పేరులో సహోదరుడున్నాడని గుర్తుంచుకోవచ్చు.

ఇప్పటిదాకా గడ్డి, వాన, ఖర్చులు. మనుషుల ముందు ఈ ఉపసర్గ పెడితే ఏమవుతుందో కూడా చెప్పాలి.

‘అస్పృశ్య’ అనే మాట తీసుకోండి. వ్యాకరణం చూస్తే ముట్టుకోవడానికి వీలు లేనిది అని. గాలినో నిప్పునో అన్నట్టు, అదేదో ప్రకృతి ధర్మం అన్నట్టు వినిపిస్తుంది. కానీ మనిషిని ముట్టుకోవడానికి వీలు కాకపోవడమేంటి? అక్కడ ‘అ’ అంటే వీల్లేదని కాదు, ముట్టుకోకూడదని ఎవరో పెట్టిన ఆజ్ఞ. పెట్టినవాడు మాట లోపల కనిపించడు. అదే దాని దుర్మార్గం. కలుపు మొక్కని కాదన్నది రైతని చెప్పుకున్నాం, ఇక్కడ కాదన్నదెవరో చెప్పకుండా శతాబ్దాలు నడిపారు. 1950లో అమల్లోకి వచ్చిన మన రాజ్యాంగం 17వ అధికరణం ఆ ఆజ్ఞని రద్దు చేసి, పాటించడం నేరమంది.

జర్మన్లు 1991 నుంచి ఏటా ఒక పని చేస్తున్నారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని భాషాశాస్త్రవేత్త హోర్స్ట్ డీటర్ ష్లోసర్ మొదలుపెట్టింది. ఆ ఏడాది జనం నోట్లో నానిన మాటల్లోంచి, మనుషుల్ని కించపరిచేదో నిజాన్ని కప్పిపుచ్చేదో ఒకటి ఎంచి ‘ఆ ఏటి ఉన్‌వోర్ట్’ అని ప్రకటిస్తారు. ‘వోర్ట్’ అంటే మాట. పేపర్లన్నీ రాసిన మాటని మాట కాదనడం ఏంటంటే, అది మన కాని మాటే. 2023కి ‘రెమిగ్రాట్సియోన్’ని ఎంచారు. వలస వచ్చినవాళ్లని గంపగుత్తగా వెళ్లగొట్టాలన్న ఆలోచనకి తొడిగిన శాస్త్రీయమైన ముసుగు అది.

మొట్టమొదటి ఏడాది, 1991లో ఎంచిన మాట ‘ఔస్‌లెండర్‌ఫ్రై’. విదేశీయులు లేని, అని. ఆ సెప్టెంబర్‌లో తూర్పు జర్మనీలో హోయెర్స్‌వెర్డా అనే ఊళ్లో జనం గుంపుగా చేరి రోజుల తరబడి రెండు భవనాల మీద రాళ్లు విసిరారు, నిప్పంటించే సీసాలు విసిరారు. ఒకదాంట్లో వియత్నాం, మొజాంబిక్‌ల నుంచి పనికి వచ్చినవాళ్లున్నారు, రెండోదాంట్లో ఆశ్రయం కోరి వచ్చినవాళ్లు. చివరికి అధికారులు దాడి చేసినవాళ్లని కాదు, ఉన్నవాళ్లనే బస్సులెక్కించి ఊరు దాటించారు. గుంపు చప్పట్లు కొట్టింది. మా ఊరు ఇప్పుడు ‘ఔస్‌లెండర్‌ఫ్రై’ అని గొప్పగా చెప్పుకున్నారు.

ఆ రెండో భవనంలో ఉన్నవాళ్లు కోరిన ఆశ్రయాన్ని జర్మన్‌లో ‘అజ్యూల్’ అంటారు, ఇంగ్లిష్‌లో ‘ఎసైలం’. గ్రీకు మాట. ముందున్నది మన ‘అ’యే. ‘సూలోన్’ అంటే పట్టుకునే, దోచుకునే హక్కు. గుడి గడప లోపలికి వచ్చి కూర్చున్నవాడి మీద ఎవరికీ ఆ హక్కు లేదు, వాణ్ని ఎవరూ ముట్టుకోకూడదు అని గ్రీకులు పెట్టుకున్న నియమం పేరు అది.